గడ్డానికి కత్తి ఎన్ని చుట్లు తిరగాలి?

మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శన ఉత్సవం నాటి ఫోటో మా ఇంటి హాలులో ఉంది. పట్టుపంచె, ఉత్తరీయం, మెడలో పూలదండ, పక్కన అమ్మ. అన్నీ సలక్షణంగా ఉన్నాయి. ఎడమ దవడ కింద అంటించిన తెల్లని దూది ముక్క మాత్రం చూసిన ప్రతివారి కంటా పడుతుంది. "అదేమిటండీ?" అని అడిగిన వారందరికీ నేను ఒకటే సమాధానం చెబుతాను: "అది నా నిర్వాకం."

నేను కోదాడలో ముప్పయ్యేళ్ళకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. యౌవనంలో బెజవాడ వెళ్ళినప్పుడు కొనుక్కున్న జర్మనీ కత్తితోనే జీవితమంతా గడ్డం గీసుకున్నారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని నాకు అప్పగించారు. ఉత్సవం 2016లో జరిగింది. ఆ ఉదయం బంధువులందరూ వచ్చే వేళకు నాన్నగారి ముఖం అద్దంలా మెరవాలని నా ఆరాటం. మొదటిసారి వెంట్రుకల వాలుగా గీశాను. రెండోసారి అడ్డంగా గీశాను. "ఇక చాలురా" అన్నారు. నేను వినలేదు. వేలితో నిమిరితే ఇంకా గరుకు తగులుతోందని మూడోసారి కింది నుంచి పైకి, ఎదురుగా కత్తి నడిపాను. ఎనభై ఏళ్ళు దాటిన ముఖం, వదులైన చర్మం. దవడ కింద తెగింది.

నాన్నగారికి ఇరవై ఏళ్ళుగా మధుమేహం. గుండె జబ్బు వచ్చినప్పటి నుంచి రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకుంటున్నారు. ఆ రక్తం ఆగడానికి దాదాపు అరగంట పట్టింది. ఉత్సవం జరిగిపోయింది గాని, మూడోనాటికి దవడ వాచి ఎర్రబడింది, చలిజ్వరం వచ్చింది, రక్తంలో చక్కెర పెరిగిపోయింది. గాయం గుండా క్రిములు ప్రవేశించి చర్మం లోపలి పొరలకు పాకాయన్నారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. రోజూ పదిమందికి పథ్యం చెప్పే వైద్యుణ్ణి. కత్తికి కూడా పథ్యం ఉంటుందని నాకు తోచలేదు.

నాన్నగారు ఇంటికి వచ్చిన తరువాత, మా ఇంటికి తరతరాలుగా వస్తున్న నాయీబ్రాహ్మణ కుటుంబంలోని పెద్దాయన పరామర్శకు వచ్చాడు. పంటలు ఇంటికి వచ్చినప్పుడు మేర గింజలు తీసుకుపోయే కాలం నుంచి మాకు తెలిసినవాడు. గాయం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "ఎన్నిసార్లు తిప్పినవు సారూ?" అని అడిగాడు. మూడుసార్లని చెప్పాను. "గడ్డం చూసి గాదు సారూ, తోలు చూసి తిప్పాలె. పెద్దసారుకు ఒక్క చుట్టే ఎక్కువ" అన్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అయితే ఆ మాటల వెనక ఉన్న కారణాలు తెలిస్తేనే అవి మనసుకు పడతాయి కనుక వివరంగా రాస్తున్నాను. ముఖమంతటా ఒకసారి నురగ పూసి, కత్తితో ఒకసారి పూర్తిగా గీయడాన్ని పెద్దాయన మాటలోనే "చుట్టు" అని పిలుచుకుందాం.

శాస్త్రంలో క్షౌరం

క్షౌరాన్ని మన ప్రాచీన వైద్యులు అలంకారంగా మాత్రమే చూడలేదు. అభ్యంగనం, స్నానం వంటి వాటితో పాటు దినచర్యలో భాగంగా చెప్పారు. జుట్టు, గడ్డం, గోళ్ళు సరిచేసుకోవడం వల్ల పుష్టి, ఆయుష్షు, శుచి, రూపకాంతి కలుగుతాయని చరక సంహిత చెబుతుంది. శరీరానికి తేలికదనం, మనసుకు ఉత్సాహం కలుగుతాయని సుశ్రుతుడు చెప్పాడు. గడ్డం, గోళ్ళు పొట్టిగా ఉంచుకోవాలని అష్టాంగ హృదయంలో వాగ్భటుడు సూచించాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఎంత తరచుగా చేసుకోవాలో కూడా చరకుడు చెప్పాడు. పక్షానికి మూడుసార్లు, అంటే సుమారు ఐదు రోజులకొకసారి. నేటి ఉద్యోగస్థుడు రోజూ గడ్డం గీసుకుంటాడు. రోజుకు మూడు చుట్ల చొప్పున పక్షం రోజుల్లో కత్తి అతని ముఖం మీద 45 సార్లు తిరుగుతుంది. చరకుడు చెప్పినట్లు పక్షానికి మూడుసార్లు, ప్రతిసారీ రెండు చుట్లు వేసుకున్నా అది ఆరుసార్లే. రోజూ గీసుకోక తప్పని ఉద్యోగం కావచ్చు. కాని రోజూ మూడు చుట్లు వేయక తప్పని ఉద్యోగం ఏదీ లేదు.

మన ప్రాంతంలో మంగళవారం క్షౌరశాలలు మూసి ఉండడం, ఫలానా వారం గడ్డం గీయకూడదని పెద్దలు అనడం మనకు తెలిసినవే. ఆ ఆచారాల వెనుక కారణమేదైనా, వాటి వల్ల చర్మానికి విశ్రాంతి దొరికిందనేది మాత్రం నిజం.

ఒక్కొక్క చుట్టు ఏం చేస్తుంది?

చర్మం పైన మృతకణాలతో ఏర్పడిన పలుచని పొర ఒకటి ఉంటుంది. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపాడే కవచం అదే. కత్తి వెంట్రుకను కోస్తూ, ఆ కవచాన్ని కూడా కొంత గీకివేస్తుంది. మొదటి చుట్టులో నురగ దట్టంగా, వెంట్రుక పొడవుగా ఉంటాయి కనుక కత్తికి పని వెంట్రుకతోనే. రెండో చుట్టుకు వెంట్రుక చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. మూడో చుట్టులో కత్తికి దొరికేది ఎక్కువగా చర్మమే. గడ్డం గీసుకున్న తరువాత కలిగే మంట, ఎరుపు, పొడిబారడం ఈ కవచం దెబ్బతిన్న గుర్తులే. ఆయుర్వేద పరిభాషలో దీనిని పిత్త రక్తాల ప్రకోపంగా చెప్పుకోవచ్చు.

మొదటి చుట్టు వెంట్రుకలు పడుకున్న దిక్కుగా, అంటే వాలుగా సాగాలి. గడ్డం తొలగే పనిలో అధికభాగం ఇక్కడే పూర్తవుతుంది. కొద్ది అడుగుల దూరం నుంచి చూసేవారికి ఒక్క చుట్టుతోనే ముఖం శుభ్రంగా కనిపిస్తుంది.

రెండో చుట్టు వాలుకు అడ్డంగా సాగాలి. చెవి వైపు నుంచి ముక్కు వైపుకు, లేదా ముక్కు వైపు నుంచి చెవి వైపుకు. మొదటి చుట్టులో కత్తికి అందక వంగిపోయిన వెంట్రుకలు ఇందులో తెగుతాయి. మళ్ళీ నురగ పూసుకోకుండా రెండో చుట్టు మొదలుపెట్టకూడదు.

మూడో చుట్టు వాలుకు ఎదురుగా సాగుతుంది. క్షౌరశాలల్లో "ఉల్టా కొట్టాలా సార్?" అని అడిగేది దీన్నే. దీనితో ముఖం అరచేతికి నున్నగా తగులుతుంది. అయితే ఆ నునుపు ఎంతసేపు? గడ్డం వెంట్రుక రోజుకు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. ఎదురుగా గీయడం వల్ల అదనంగా తెగేది దానిలో కొంత భాగమే. ఉదయం సంపాదించిన నునుపు సాయంత్రానికి మిగలదు. దాని కోసం చెల్లించే మూల్యం మాత్రం మిగులుతుంది.

ఆ మూల్యం ఏమిటంటే, చర్మాన్ని సాగదీసి ఎదురుగా గీసినప్పుడు తెగిన వెంట్రుక కొన చర్మం మట్టం కన్నా లోపలికి జారిపోతుంది. తిరిగి పెరిగేటప్పుడు, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుక అయితే, తిన్నగా బయటికి రాక పక్కగోడను పొడుచుకుంటుంది. కొన్ని వెంట్రుకలు బయటికి వచ్చి, వంగి, వాడి కొనతో మళ్ళీ చర్మంలోకి దిగబడతాయి. శరీరం దాన్ని కాలిలో విరిగిన ముల్లులాగే భావించి వాపుతో, చీముతో ఎదుర్కొంటుంది. మెడ మీద, దవడ కింద ఎర్రని, నల్లని పొక్కులు వరుసగా లేవడానికి కారణం ఇదే.

మాల వేసుకున్నప్పుడు తగ్గిన పొక్కులు

ఒకసారి నా దగ్గరికి పాతికేళ్ళ యువకుడు వచ్చాడు. పెళ్ళిచూపులు దగ్గరపడ్డాయి. మెడ నిండా పొక్కులు. రెండేళ్ళుగా మొటిమలని భావించి ఎన్నో పూతలు పూశాడట. "ఎప్పుడైనా తగ్గాయా?" అని అడిగాను. కాస్త ఆలోచించి, "అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు తగ్గినయి సార్. స్వామి దయ అనుకున్న" అన్నాడు.

స్వామి దయను నేను కాదనలేదు. అయితే దీక్ష 41 రోజులూ అతని మెడకు కత్తి తగలలేదని గుర్తు చేశాను. దిగబడిన వెంట్రుకలు ఆ వ్యవధిలో పెరిగి, వాటంతట అవే బయటపడ్డాయి. అతను రోజూ రెండు చుట్లు ఎదురుగానే గీస్తున్నాడు. నాలుగు వారాలు కత్తి మానిపించి, ట్రిమ్మరుతో మాత్రమే పొట్టిగా ఉంచుకోమన్నాను. తరువాత రెండురోజులకొకసారి, వాలుగా, ఒకే చుట్టు. పొక్కులు పోయాయి. మచ్చలు మానడానికి మరికొన్ని నెలలు పట్టింది. పెళ్ళిచూపులకు అతను కురచ గడ్డంతోనే వెళ్ళాడు, సంబంధం కుదిరింది.

యౌవన పిడకలు, అంటే మొటిమలు వేరు, ఇవి వేరు. సుశ్రుతుడు ముఖదూషికలుగా వర్ణించిన మొటిమలు బూరుగు చెట్టు ముళ్ళలా ఉంటాయి. బుగ్గలు, నుదురు, ముక్కు మీద కూడా వస్తాయి. కత్తి వల్ల వచ్చే పొక్కులు గడ్డం ఉన్నచోట మాత్రమే వస్తాయి, కత్తి మానితే తగ్గుతాయి. ఈ తేడా తెలియక ఎందరో డబ్బు, కాలం వృథా చేసుకుంటున్నారు. దిగబడిన వెంట్రుకను గోటితో గిల్లడం, పీకడం చేయరాదు. చీము పట్టినా, గట్టిపడినా వైద్యునికి చూపించాలి.

ముందుగా వాలు తెలుసుకోండి

ఎన్ని చుట్లు అనే ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉంది: మీ గడ్డం ఏ దిక్కుకు వాలి ఉంది? రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి, పొడి ముఖాన్ని వేలికొనలతో నాలుగు దిక్కులా నిమిరి చూడండి. నున్నగా సాగిన వైపు వాలు. గరుకుగా అడ్డుకున్న వైపు ఎదురు. సాధారణంగా బుగ్గల మీద వాలు పై నుంచి కిందికి ఉంటుంది. మెడ దగ్గర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కొందరికి కింది నుంచి పైకి, కొందరికి పక్కకు, కొందరికి సుడి తిరిగి ఉంటుంది. బుగ్గ మీద చేసినట్లే మెడ మీద కూడా కిందికి గీస్తే, వాలుగా గీస్తున్నామనుకుంటూనే ఎదురుగా గీసినవారమవుతాం. చాలామందికి మెడ మీదనే పొక్కులు రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎవరికి ఎన్ని చుట్లు?

ఆరోగ్యవంతులు, తిన్నని వెంట్రుకలు ఉన్నవారు: వాలుగా ఒకటి, అడ్డంగా ఒకటి. రెండు చుట్లు చాలు. ఏ శుభకార్యానికో మూడోది వేసుకోదలిస్తే బుగ్గలకే పరిమితం చేయండి, మెడను వదిలేయండి. మర్నాడు కత్తి ముట్టకండి.

ఉంగరాల వెంట్రుకలు, పొక్కుల బాధ ఉన్నవారు: వాలుగా ఒక్క చుట్టు. చర్మాన్ని ఎక్కువగా సాగదీయవద్దు. ఎదురు గీత పూర్తిగా నిషిద్ధం.

మొటిమలు ఉన్న యువకులు: ఒక్క చుట్టు, అదీ మొటిమలను తప్పించి. మొటిమ తల తెగితే అందులోని చీము ముఖమంతటా పాకుతుంది.

కొత్తగా కత్తి పట్టినవారు: మొదటి నెల రోజులు బుగ్గలు మాత్రమే, ఒకే చుట్టు. గడ్డం కొన, పై పెదవి, మెడ భాగాలను చేయి కుదిరాకే ప్రయత్నించాలి.

మధుమేహులు, వృద్ధులు: ఒక్క చుట్టు, రెండుమూడు రోజులకొకసారి.

రక్తం పలచబరిచే మందులు వాడేవారు: వీరికి అసలు కత్తి కన్నా కరెంటు ట్రిమ్మరే శ్రేయస్కరం. మా ఇంటి అనుభవమే దీనికి సాక్ష్యం.

చుట్లు పెరగడానికి అసలు కారణాలు

ఒక చుట్టుతో పని జరగకపోతే రెండోది, రెండుతో జరగకపోతే మూడోది వేస్తాం. కాబట్టి చుట్లు తగ్గాలంటే మొదటి చుట్టు సక్రమంగా సాగాలి. అందుకు ఆటంకాలు రెండు: నీళ్ళు, పదును.

మా కోదాడ, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి నేలలు ఎక్కువ. మేళ్ళచెరువు పరిసరాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినది ఆ రాయి కోసమే. ఇటువంటి నేలల్లో బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినజలాలు. సబ్బు ఎంత రుద్దినా నురగ నిలవదు, తెట్టెలా విరిగిపోతుంది. నురగ లేని చోట కత్తి చర్మాన్ని పట్టుకుంటుంది. గడ్డానికి కావలసిన చెంబెడు నీళ్ళను ముందురోజు రాత్రి బాగా మరిగించి, చల్లార్చి, అడుగున మడ్డి పేరుకున్నాక పైతేట వంచుకోండి. కాఠిన్యం చాలావరకు తగ్గి నురగ దట్టంగా వస్తుంది. ఉదయం దానినే గోరువెచ్చగా చేసుకోవాలి.

వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. వెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానితే మెత్తబడి సులువుగా తెగుతుంది. అందుచేత స్నానం తరువాత గడ్డం గీసుకోవడం ఉత్తమం. వీలుకాకపోతే వెచ్చని తడి తువ్వాలు ముఖం మీద కప్పి ఉంచండి. పొడి చర్మం ఉన్నవారు నాలుగైదు చుక్కల కొబ్బరి నూనె గడ్డానికి మర్దన చేసి, ఆపైన సబ్బు నురగ పట్టించవచ్చు. బ్రష్షును గుండ్రంగా తిప్పుతూ నురగ పట్టిస్తే పడుకున్న వెంట్రుకలు లేచి నిలబడతాయి.

ఇక పదును. ఈ విషయంలో సుశ్రుతుని సూచనలు నేటికీ ఆశ్చర్యం గొలుపుతాయి. శస్త్రాలను మినుముల రంగులో ఉండే నున్నని రాతి మీద నూరాలని, ఆ పదును నిలవడానికి బూరుగు చెక్క మీద సరిచేయాలని, వెంట్రుకను కోయగలిగినప్పుడే శస్త్రం పనికి వచ్చినట్లు భావించాలని ఆయన చెప్పాడు. నేటి సానరాయి, తోలుపట్టీ చేసే పనులు ఇవే. కత్తి వాడేవారు గీసుకునే ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద ముప్పై నలభైసార్లు ఆడించాలి. కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. ఇలా చేసినా వెంట్రుకను లాగుతున్నట్లు అనిపిస్తే సాన పట్టించవలసిన సమయం వచ్చిందని అర్థం. మొద్దుబారిన కత్తితో ఐదు చుట్లు వేసినా గడ్డం పోదు, చర్మం పోతుంది.

కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టుకోవాలి. మరీ నిలబెడితే చర్మం గీరుకుపోతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుక తెగక లాగుతుంది. రెండో చేత్తో చర్మాన్ని మెల్లగా బిగించి పట్టాలి. ఒత్తిడి పెట్టకూడదు. కత్తి తన బరువుతో తానే నడవాలి. కత్తిని ఎన్నడూ అంచు వెంబడి పక్కకు జరపరాదు. లోతుగా తెగేది అప్పుడే.

గీసుకున్న తరువాత

చల్లని నీటితో ముఖం కడిగి, మెత్తని బట్టతో అద్దుకోండి, రుద్దకండి. ఆ తరువాత ఈ కింది వాటిలో మీకు సరిపడినది వాడుకోవచ్చు. ఏదైనా మొదటిసారి వాడేటప్పుడు మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి ఒకరోజు చూడడం మంచిది.

పటిక: తడి ముఖం మీద ఒకసారి నిమిరి, నిమిషం ఆగి కడిగేయాలి. చిన్న గీతల నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది. బావి నీళ్ళు తేరడానికి మన ఇళ్ళలో వాడినది, నల్గొండ పేరుతో ప్రసిద్ధమైన ఫ్లోరైడు తొలగింపు పద్ధతిలో వాడేది కూడా ఈ పటికే. పొడి చర్మం వారు రోజూ వాడరాదు. ఎవరి పటిక వారికే ఉండాలి.

కలబంద: మట్ట కోసి నిలువుగా పెట్టి, కారే పసుపుపచ్చని జిగురు పూర్తిగా పోనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జు మాత్రమే తీసుకుని పూయాలి. మంట తగ్గుతుంది.

శతధౌత ఘృతం: యాభై గ్రాముల ఆవునెయ్యిని వెడల్పాటి రాగి పళ్ళెంలో వేసి, చల్లని శుభ్రమైన నీరు పోస్తూ అరచేతితో మర్దించి, ఆ నీరు వంపేసి మళ్ళీ కొత్త నీరు పోయాలి. ఇలా నూరుసార్లు చేస్తే తెల్లని వెన్నలాంటి లేపనం తయారవుతుంది. గాజుసీసాలో ఫ్రిజ్‌లో ఉంచుకుని, శనగగింజంత పలుచగా రాసుకోవాలి. కొద్దికొద్దిగా చేసుకోండి, వాసన మారితే పారవేయండి. మొటిమలున్నవారికి ఇది పనికిరాదు.

లొద్దుగ చెక్క లేపనం: లొద్దుగ చెక్క, ధనియాలు, వస సమభాగాలుగా మెత్తని చూర్ణం చేసి, నీటితో కలిపి మొటిమల మీద పట్టించి, పావుగంట తరువాత కడిగేయాలి. కత్తి వాడని రోజున మాత్రమే, తెగని చర్మం మీద మాత్రమే వాడాలి.

నిమ్మరసం, స్పిరిటు కలిసిన ఘాటైన లోషన్లు గీరుకున్న చర్మం మీద పోయడం వల్ల మంట పెరుగుతుందే తప్ప మేలు లేదు. తెగినచోట దినపత్రిక ముక్క అంటించడం, పసుపు, కాఫీపొడి అద్దడం మానండి. శుభ్రమైన దూదితో ఐదు నిమిషాలు కదల్చకుండా అదిమి పట్టండి, అదే ప్రథమ చికిత్స. రక్తం పలచబరిచే మందులు వాడేవారు పదిహేను నిమిషాలు పట్టాలి. అప్పటికీ ఆగకపోతే వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. మధుమేహులకు తెగినచోట ఎరుపు, వాపు, వేడి కనిపిస్తే మర్నాటి దాకా ఆగవద్దు. నేను ఒకరోజు ఆగాను. ఆ ఒక్కరోజే ఆరు రోజులయింది.

క్షౌరశాలలో మీ హక్కు

ఒకప్పుడు ఒకే కత్తిని సానపట్టి ఊరందరికీ వాడేవారు. 1986లో మన దేశంలో ఎయిడ్స్ బయటపడి, దాని గురించిన అవగాహన వ్యాపించాక, సగం బ్లేడు అమర్చే కత్తులు క్షౌరశాలలకు వచ్చాయి. నిజానికి కత్తి విషయంలో ఎయిడ్స్ కన్నా ఎక్కువ భయపడవలసినది హెపటైటిస్ బి కామెర్లకు. ఆ వైరస్ శరీరం వెలుపల ఎండిన రక్తపు మరకలో కనీసం వారం రోజులు బతికి ఉండగలదు. కంటికి కనపడని మరక చాలు. చుట్లు పెరిగే కొద్దీ చర్మం మీద సన్నని గీతలు పెరుగుతాయి. గీతలు పెరిగే కొద్దీ వైరస్‌కు దారులు పెరుగుతాయి. కనుక చుట్ల లెక్కకూ ఈ జబ్బుకూ సంబంధం లేదనుకోవద్దు.

కొత్త బ్లేడు మీ కళ్ళ ఎదుటే విరిచి అమర్చమనండి. తిరుమల కళ్యాణకట్టలో టోకెనుతో పాటు భక్తుని చేతికి బ్లేడు ఇస్తారు. అంతటి రద్దీలో సాధ్యమైనది మన వీధి షాపులో ఎందుకు సాధ్యం కాదు? అందరి ముఖాలకూ ఒకే పటిక రాయి రుద్దడం కూడా ప్రమాదమే. ఒక చిన్న ముక్క జేబులో తీసుకువెళ్ళండి. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. వేయించుకోని పెద్దలు వైద్యుణ్ణి సంప్రదించి వేయించుకోవచ్చు. ఇక చివరగా, "ఉల్టా కొట్టాలా?" అని అడిగినప్పుడు మొహమాటపడకుండా "వద్దు" అనండి. పనివాడు తన నైపుణ్యం చూపాలనుకోవడం సహజం. ఎంతవరకు అన్నది చెప్పవలసినవారు మీరే.

పెద్దాయన మాట

ఆస్పత్రి నుంచి వచ్చిన తరువాత నాన్నగారు మరి నాలుగేళ్ళు జీవించారు. ట్రిమ్మరు తెచ్చాను గాని, దాని చప్పుడు ఆయనకు సరిపడలేదు. అప్పుడు ఆ పెద్దాయనే మూడు రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. వెచ్చని తువ్వాలు కప్పి, నురగ పట్టించి, కొత్త బ్లేడుతో వాలుగా ఒక్క చుట్టు. దవడ కింద ఆ మచ్చ ఉన్నచోట కత్తి ఆనించేవాడు కాదు. అక్కడ నాలుగు తెల్ల వెంట్రుకలు ఎప్పుడూ మిగిలి ఉండేవి. ఆ నాలుగేళ్ళలో ఒక్క గాటు పడలేదు.

ఆ పని నేర్చుకుందామని ఒకరోజు పక్కన నిలబడ్డాను. ఒక్క చుట్టు అయింది. అలవాటు చొప్పున నా చేయి నాన్నగారి బుగ్గ మీదికి వెళ్ళింది. గరుకుగానే ఉంది. పెద్దాయన నా చేతిని మెల్లగా పక్కకు జరిపి, తువ్వాలు తీసి నాన్నగారి ముఖం అద్దాడు.

"చూసేటోళ్ళు కండ్లతోటి చూస్తరు సారూ, చేతులతోటి కాదు" అన్నాడు.

నాన్నగారు అద్దం తెప్పించుకుని చూసుకున్నారు. చాలా బాగుందన్నారు.